కొంగలలంక పేరు పట్టని కప్పు

1934 ఏప్రిల్ 8వ తేదీ, ఆదివారం, సాయంత్రం ఐదున్నర గంటలకు ఏలూరులో మా క్లబ్బు వరండాలో ఈ వ్యవహారం ప్రారంభమైంది. అప్పుడక్కడ తొమ్మిదిమంది పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. హాకీ కర్రను చేత్తో పట్టుకుని చూసినవాడు వారిలో ఒక్కడూ లేడు. మనవాళ్ళు సముద్రాలు దాటి వెళ్ళి హాకీలో ప్రపంచాన్ని ఓడించి వచ్చారని పత్రికల్లో చదివినవారు మాత్రం తొమ్మండుగురూ ఉన్నారు. ఆ విజయంలో తమకూ ఎంతో కొంత వాటా ఉందని వారి అభిప్రాయం.

తాడేపల్లిగూడెంలో రెండు బియ్యపు మిల్లులున్న ఒక ధనికుడు దావా పనిమీద మా క్లబ్బు అధ్యక్షుడైన ప్లీడరుగారి దగ్గరకు వచ్చి, కాఫీ తాగుతూ అన్నాడు:

"మన జిల్లాకి ఒక హాకీ లీగు ఉండాలండీ. కప్పు నేనిస్తాను. ఉత్త వెండి."

"కప్పంటూ ఉంటే జట్లు వాటంతటవే వస్తాయి" అన్నారు ప్లీడరుగారు.

అప్పట్లో నేను కోర్టులో హెడ్ గుమాస్తాను. చేతివ్రాత బాగుంటుందనీ, సైకిలు ఉందనీ నన్ను జాయింటు సెక్రటరీని చేశారు. అసలు సెక్రటరీ ఎవరో లీగు ముగిసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రే ఏడు నిబంధనలు రాసి మర్నాడు తెచ్చాను. నాలుగో నిబంధన: గెలిచిన జట్టు ఊరి పేరు, సంవత్సరం కప్పుమీద చెక్కించవలెను. తొమ్మిదిమందీ చదవకుండా సంతకాలు చేశారు.

జట్లు నాలుగు. మా క్లబ్బు కుర్రవాళ్ళది ఒకటి, గూడెం మిల్లు గుమాస్తాలది ఒకటి, పెంటపాడు రైతుబిడ్డలది ఒకటి. నాలుగోది కొల్లేటి నడుమ కొంగలలంక అనే ఊరిది. ఆ లంకవాళ్ళను చేర్చుకున్నది ప్రేమతో కాదు. వరిచేలకు గట్లుంటాయి, ఏలూరులో చదునుగా ఉన్న ఒకే ఒక్క స్థలంలో ఉద్యోగస్తులు టెన్నిసు కోర్టు కట్టుకున్నారు. మే నెలలో కొల్లేరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే అడుగునేల ఒక్కటే గట్టూ గుట్టా లేకుండా చదునుగా ఉంటుంది. ఆ నేల కొంగలలంక పక్కన ఉంది. నేల కావాలంటే జట్టుకు చోటివ్వక తప్పలేదు.

ఎండకు ఆ నేల నెర్రెలిచ్చి, బంతి నెర్రెలో పడితే వేళ్ళతో తవ్వి తీయవలసి వచ్చేది. లంకవాళ్ళు ముందురోజే తడి ఒండ్రు తెచ్చి నెర్రెలు పూడ్చి, పడవ చెక్కతో నున్నగా లాగేవారు. వాళ్ళందరూ చేపలు పట్టి బ్రతికే కుటుంబాలవాళ్ళు. తుమ్మకొమ్మలు మంటలో కాచి వంచి కర్రలు చేసుకున్నారు. ఆట నేర్పినవాడెవడూ లేడు. వల లాగేటప్పుడు రెండు కొసలవాళ్ళూ ముందుకు నడిచి, నడుమవాళ్ళు వెనక ఆగి, అర్ధచంద్రంలా చుట్టి దగ్గరకు తెస్తారు కదా. బంతినీ, ఎదుటి జట్టునూ అలాగే చుట్టుకుని గోలు దాకా తీసుకుపోయేవారు. మా క్లబ్బు కుర్రవాళ్ళు తెల్ల ప్యాంట్లు వేసుకుని ఆ వలలో పడేవారు.

వాళ్ళ కెప్టెనుకు ముప్పై దాటి ఉంటాయి. పెద్ద గొంతు. తన్ను తాను మెచ్చుకోవడానికి మొహమాటపడే మనిషి కాదు. అయితే అతడికి కావలసింది ఒక్కటే, అదీ మొదటిరోజే చెప్పాడు. కొంగలలంకకు వచ్చే ఉత్తరం పక్క ఊరి పేరుమీద వస్తుంది. వాళ్ళ చేపలు ఏలూరు బజారులో కొల్లేటి చేపలుగా అమ్ముడవుతాయి. మా కరపత్రంలో కూడా "కొల్లేరు జట్టు" అనే వేశారు.

"ఏలూరువాళ్ళ లెక్కలో మా ఊరికి పేరే లేదండీ, గుమాస్తాగారండీ" అన్నాడు నాతో. "కప్పు మీ బీరువాలోనే పెట్టుకోండి. మాకొద్దు. దానిమీద మా ఊరి పేరు పడితే చాలు. మీ క్లబ్బుకి వచ్చినోళ్ళందరూ చదవాలి."

మద్రాసు నుంచి కప్పు రైలు పార్సిలులో దిగింది. రెండు చెవులు, ఒక మూత, కింద గుండ్రటి పీఠం. ఒక్క ఆట కూడా ఆడకముందే దానిమీద చెక్కుడు మొదలైంది. మొదట దాత పేరు: ఇంటిపేరు, తండ్రిపేరు, రెండు మిల్లుల పేర్లు. అది చూసి ప్లీడరుగారు రెండు రోజులు క్లబ్బుకు రాలేదు. మూడోరోజు వచ్చి నన్నడిగారు:

"ఏవయ్యా, అధ్యక్షుడు లేకుండానే లీగు పుట్టిందా?"

"మీ పేరు కింద వేయిద్దామండీ" అన్నాడు మిల్లుధనికుడు.

"కింద అంటే? మీ కాళ్ళ దగ్గరా?"

చివరికి కప్పు రెండోవైపున, అదే ఎత్తులో, దాతకంటే ఒక బిరుదు ఎక్కువగా ప్లీడరుగారి పేరు వెలసింది. తరువాత ఉపాధ్యక్షులు. తరువాత కోశాధికారి. అక్షరానికింత అని పుచ్చుకునే కంసాలి ఎవరినీ వద్దనలేదు సరికదా, "గారు కూడా వెయ్యమంటారా అండీ? వేస్తే నిండుగా ఉంటుంది" అని ప్రతివారికీ గుర్తుచేశాడు. ప్రతివారూ వేయించుకున్నారు.

ఆ మే నెలలో కొంగలలంక మిల్లు జట్టును మూడు గోల్సుకు ఒకటిగా ఓడించి గెలిచింది. ఆటకంటే ఉపన్యాసాలు ఎక్కువసేపు సాగాయి. కప్పు చేతికివ్వగానే కెప్టెను దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు.

"మా ఊరి పేరు ఎక్కడ వేస్తారండీ?"

"వేయిద్దాంలేవోయ్" అన్నారు ప్లీడరుగారు. "ముందు బహుమతి ఇచ్చిన అతిథిగారి పేరు పడనీ. పెద్దలను వదిలేస్తే బాగుండదు కదా. తరువాత టింక్చరు సీసాతో ఎండలో కూర్చున్న డాక్టరుగారున్నారు."

"డాక్టరుగారు ఎన్ని గోల్సు కొట్టారండీ?"

లంకవాళ్ళు పగలబడి నవ్వారు. ప్లీడరుగారు ఆ నవ్వును వచ్చే ఏడాది దాకా గుర్తుపెట్టుకున్నారు.

1935లో మా క్లబ్బు గెలిచింది. అంపైరు ప్లీడరుగారి అల్లుడు. అంతకంటే వివరం అనవసరం. విచిత్రమేమంటే "ఏలూరు" అన్న మాట కప్పుమీద పడలేదని మా కుర్రవాళ్ళలో ఒక్కడికీ తోచలేదు. ఎలా తోస్తుంది? ప్రతివాడి తండ్రి పేరో, మేనమామ పేరో ఆ కప్పుమీద ఉండనే ఉంది. గెలిచినవాడి పేరు వేయడమంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. పెద్దవాళ్ళ పేర్లు వేయడమంటే తెలుసు. ఆ సంవత్సరం కుర్చీలు ఇచ్చినాయన, గ్రామఫోను ఇచ్చినాయన, సోడాలు పంపినాయన ఎక్కారు. పెంటపాడు మోతుబరి ఒకాయన రెండు గంపల మామిడిపళ్ళు పంపి, కుడి చెవిమీద చోటు సంపాదించాడు. ఎడమ చెవి ఖాళీగా ఉంటే కప్పు బోసిగా ఉందని ఆయన బావమరిది దానిమీద ఎక్కాడు. నన్ను పీఠం వెనకవైపున, గోడకానే భాగంలో వేశారు.

1936 మే నెలలో కొంగలలంక మా క్లబ్బును రెండు గోల్సుకు సున్నాగా ఓడించింది. అంపైరు మళ్ళీ అల్లుడే. అయినా అర్ధచంద్రం చుట్టుకున్నప్పుడు ఈల ఊదడానికి అతడికి కూడా సందు దొరకలేదు. ఈసారి కెప్టెను కప్పు చేతిలోకి తీసుకోలేదు.

"రెండుసార్లు గెలిచామండీ. ఐదు అక్షరాలు. ఎక్కడ వేస్తారో ఇప్పుడే వేలుపెట్టి చూపించండి."

ప్లీడరుగారు కంసాలిని పిలిపించారు. కంసాలి కళ్ళజోడు సర్దుకుని, కప్పును తిప్పి, మూత తీసి లోపలకు చూశాడు.

"లోపల బోలెడంత చోటుందండీ."

"లోపలా?" అన్నాడు కెప్టెను.

"పేరు ఉండాలన్నావు గాని, కనబడాలని అన్నావటోయ్?" అన్నారు ప్లీడరుగారు.

"మరైతే మీ పేరు లోపలికి దింపండి, మాది మీ చోట్లో వేయండి. ఉంటే చాలు కదండీ మీక్కూడా."

ఎవరో నవ్వబోయి దగ్గారు. ఇక కమిటీ కూర్చోక తప్పలేదు. సమస్య ఒక్కటే: ఎవరి పేరు చెరపాలి? ఎదుటివాడి పేరు చెరపవచ్చునని ప్రతివారూ విశాల హృదయంతో ఒప్పుకున్నారు. ఉపాధ్యక్షులలో ఒకాయన ఆ సంక్రాంతి వెళ్ళిన నెలలో కాలం చేశారు. ఆయన పేరు తీసేస్తే అభ్యంతరం చెప్పేవాడుండడని కోశాధికారి అన్నాడు. పోయినాయన కొడుకు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడని చూసుకోలేదు.

"మా నాన్నగారు పోయారు గాని మేం పోలేదండీ" అన్నాడు ఆ కొడుకు.

కెప్టెను కూడా వద్దన్నాడు. "పోయినాయన పేరు గీకి మా ఊరి పేరు వేసుకుంటామా? అంత కరువులో లేం."

అప్పుడందరి చూపులూ నావైపు తిరిగాయి. జాయింటు సెక్రటరీ చందా ఇచ్చినవాడు కాదు, కుర్చీలిచ్చినవాడు కాదు; అతడి పేరు గీకవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానమయింది. ఆ తీర్మానాన్ని రాసుకున్నవాణ్ణి కూడా నేనే. నాకు చీమ కుట్టినట్లయినా లేదు. సోడాలాయన పక్కన ఉండి ఏం బావుకున్నాను గనక?

కంసాలి అక్కడే వరండాలో కూర్చుని ఆకురాయి తీసి నా పేరుమీద పెట్టాడు. నాలుగుసార్లు రుద్దాడు. ఆగాడు. మళ్ళీ రెండుసార్లు రుద్ది, కప్పును వెలుతురులోకి తిప్పాడు. నా పేరున్న చోట పసుపుపచ్చటి మచ్చ మెరుస్తోంది.

కెప్టెను వంగి చూశాడు.

"అయ్యో, వెండికి కామెర్లొచ్చాయండీ!"

ఇత్తడి. మూడేళ్ళపాటు కరపత్రాలలో, ఉపన్యాసాలలో, దండల నడుమ ఉత్త వెండిగా వెలిగినది వెండిపూత పూసిన ఇత్తడి. మద్రాసు దుకాణంవాడు తనను మోసం చేశాడని మిల్లుధనికుడు ప్రమాణం చేశాడు. నిజమే కావచ్చు. కాని బస్తాలో చెయ్యి పెట్టి గింజ కొరికి బియ్యం రకం చెప్పేవాడు, చేతిలో పట్టుకున్న లోహం ఏమిటో తెలుసుకోలేకపోయాడంటే నమ్మడానికి నేను సిద్ధంగా లేను.

"ఇత్తడైతే మరీ మంచిదండీ" అన్నాడు కెప్టెను. "అక్షరం లోతుగా దిగుతుంది. వేసెయ్యి, కంసాలీ."

మిల్లుధనికుడు వేయనివ్వలేదు. కప్పును తువ్వాలులో చుట్టుకుని, కొత్తగా మందమైన పూత వేయించి పంపుతానని ఆ సాయంత్రం రైలుకే గూడెం పట్టుకుపోయాడు. అక్కడినుంచి అది మద్రాసు వెళ్ళింది. కొత్త పూత వేయాలంటే ముందు పాతదంతా అరగదీసి నున్నగా చేస్తారని కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. ఆగస్టులో పార్సిలు విప్పిచూస్తే కప్పు అద్దంలా ఉంది. దాత లేడు, అధ్యక్షుడు లేడు, అతిథి లేడు, డాక్టరు లేడు, చెవులమీద బావా బావమరుదులు లేరు. ప్లీడరుగారు దానిలో తమ ముఖం చూసుకున్నారు.

కప్పును కంసాలి దుకాణానికి పంపి, పేర్ల జాబితా వెనక పంపుతామన్నారు. జాబితా వెళ్ళలేదు. మొదటిసారి ఒక్కొక్కరుగా ఎక్కారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడందరూ ఒకేసారి ఎక్కాలి, మొదట ఎవరు? సెప్టెంబరులో రెండుసార్లు కూర్చున్నారు, అక్టోబరులో ఒకసారి. మూడోసారి కుర్చీలాయన తన కుర్చీలు తిరిగి ఇమ్మన్నాడు.

నవంబరులో ఒకనాడు కెప్టెను కోర్టు ఆవరణలో నన్ను పట్టుకున్నాడు.

"గుమాస్తాగారండీ, నాలుగో రూలు ఉందా, పోయిందా?"

"ఉంది."

"మీరు రాసిందేనా?"

"నేనే రాశాను. తొమ్మిదిమంది సంతకాలున్నాయి."

"అయితే చాలండీ" అని నేరుగా కంసాలి దుకాణానికి వెళ్ళాడు. కంసాలికి అక్షరాలు ఎవరివైతేనేం? సాయంత్రానికల్లా కప్పు కడుపుమీద, ఈ చెవినుంచి ఆ చెవిదాకా, బొటనవేలంత అక్షరాలతో "కొంగలలంక" అని, దానికింద రెండు సంవత్సరాలూ పడ్డాయి. కొత్త పూత లోపలినుంచి అక్షరాలు ఇత్తడి రంగులో పసుపుపచ్చగా కనిపించాయి.

కమిటీ అదిరిపడింది. ప్లీడరుగారు కప్పును చూడనైనా చూడకుండా అన్నారు:

"వాళ్ళ ఊరి కిందా నా పేరు?"

"పైన మెడమీద వేయించుకోవచ్చునండీ" అన్నాను.

"మెడమీద ఇద్దరు పడతారు. ఆ రెండోవాడెవడు?"

ఆ కప్పుతో తనకు సంబంధం లేదని మిల్లుధనికుడు రాసి పంపాడు. అటువంటి వస్తువు క్లబ్బు బీరువాలో ఉండరాదనీ, అనుకూల పరిస్థితులు ఏర్పడేవరకు లీగు నిలిపివేయవలెననీ తీర్మానించారు. కప్పును లంకకు చేర్చే పని జాయింటు సెక్రటరీదయింది.

డిసెంబరులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. దోనె మీద వెళ్ళాను. కప్పును ఒళ్ళో పెట్టుకున్నాను. దోనె నడిపే మనిషి దాన్ని చెంబనుకుని, నీళ్ళు తోడడానికి ఒకసారి అడిగాడు. లంకలో మేళం పెట్టి ఉంటారనుకున్నాను. లేదు. కెప్టెను గట్టున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కప్పు అందుకుని, తడి చెయ్యి పంచెకు తుడుచుకుని, అక్షరాలను వేలితో తడిమాడు.

"దీన్ని ఇక్కడికెందుకు తెచ్చారండీ?"

"బీరువాలో ఉంచకూడదన్నారు."

"మా ఊరోళ్ళకి మా ఊరి పేరు తెలుసు కదండీ. ఏలూరువాళ్ళు చదువుతారని వేయించాను గాని."

"వచ్చే మే నెలలో ఆట లేదు" అన్నాను.

"మీ క్లబ్బువాళ్ళు రారా?"

"రారు."

"గూడెంవాళ్ళు? పెంటపాడువాళ్ళు?"

తల అడ్డంగా ఊపాను. అతడు కప్పును గట్టుమీద పెట్టి మళ్ళీ వల అందుకున్నాడు. పక్కనున్న గుడిసె లోపలినుంచి వాళ్ళ ఆవిడ వచ్చి, "కూర్చోండి బాబుగారూ, ఎండలో వచ్చారు" అని పీట వేసింది. కప్పును చూసి, "దీన్ని ఎక్కడ పెట్టమంటావు?" అని భర్తనడిగింది.

"గుమ్మానికి ఎదురుగా పెట్టు. ఏలూరునుంచి ఎవరైనా వస్తే కనబడాలి."

ఇది రాసేనాటికి మూడేళ్ళయింది. లెక్క ఇది.

పోయినవి: కప్పుమీది పేర్లు ఇరవై మూడు, వాటిలో నాది ఒకటి, హాకీ లీగు ఒకటి, వెండి, మొదటినుంచీ లేనిది.

మిగిలినవి: పూత పూసిన ఇత్తడి కప్పు ఒకటి, మూతతో సహా, దానిమీద అక్షరాలు ఐదు, ఏలూరునుంచి వెళ్ళి వాటిని చదివినవారు, నాకు తెలిసినంతవరకు, ఒక్కరు.