అమావాస్య నాడు దేవుడి పంచాయితీ

మా ఇళ్లల్లో అమావాస్య నాడు మగ్గం ఆడదు. ఆలేరు దగ్గరి మా ఊళ్లో నేతవాళ్లందరికీ అదే సెలవు. ఆ పూట మా నాన్న, అంటే బాపు, ఆయన స్నేహితుడైన వెనకింటి మామ మా అరుగు మీద కూర్చుని దేవుడున్నాడా లేడా అని తగువు పెట్టుకునేవారు. బాపుది దేవుడి పక్షం. మామ కంటికి కనిపించందే దేన్నీ ఒప్పుకోడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను హైదరాబాదులో తత్వశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. ఇంటికొచ్చినప్పుడల్లా ఇద్దరికీ సరుకు అందించే పని నాదే. బీడు భూమిలో గడియారం దొరికితే దాన్ని చేసినవాడొకడు ఉండాల్సిందే కదా అన్న ఇంగ్లండు మతగురువు వాదన బాపుకు చెప్పాను. బాపు ఆ వాదనలో గడియారం తీసేసి చీర పెట్టుకున్నాడు. ఇంత చక్కని చీర దానంతటదే నేసుకుందా అని మామను నిలదీశాడు. మామ చిన్నబోయిన మొహం చూడలేక, ఇలాంటి వాదన మీద స్కాట్లాండు తత్వవేత్త ఒకాయన వేసిన ప్రశ్నను మామ చెవిన వేశాను. లోకంలో ఇన్ని లోపాలుంటే, చేసినవాడు పని సరిగా రానివాడై ఉండొచ్చు కదా?

మామకు అది తెగ నచ్చింది. మరుసటి అమావాస్యకు సరాసరి ఇంట్లోకి నడిచి, మగ్గం మీద సగంలో ఉన్న బాపు చీరను తగువు వినడానికి చేరినవాళ్లందరికీ చూపించాడు. రంగద్దిన నూలు కాస్త జరిగి ఒక పువ్వు అంచు చెదిరి ఉంది. నీ దేవుడు కూడా ఇట్లాంటి పనివాడే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మా బాపు ఏ మాటైనా పడతాడు గానీ నేత మీద మాట పడడు. మామతో మాట్లాడడం మానేశాడు.

పడుగు, అంటే చీర నిలువు దారాల పని, ఒక్కరి వల్ల కాదు. పొద్దున్నే వీధి పొడవునా దారాలు సాగదీసి గంజి పట్టించాలంటే ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు ఉండాలి. బాపుకు ఆ కొసన ఎప్పుడూ మామే. పాత చీర మగ్గం దిగింది, కొత్త పడుగు గంజికి సిద్ధంగా ఉంది. ఇంకొకరిని పిలవమని అమ్మ చెప్పినా బాపు వినలేదు. పడుగును మూటగట్టి దూలానికి వేలాడదీశాడు. ఏళ్లనాటి స్నేహం నా చదువు వల్ల పోతుందేమోనని నాకు గుబులు పట్టుకుంది.

తర్వాతి అమావాస్యకు మామ తనంతట తానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, నెలంత సోంచాయించిన. తప్పు పడ్డదంటే నేసెటోడు ఉన్నట్టే గద. ఖాళీ మగ్గం మీద తప్పేడ పడ్తది? ఉన్నడే దేవుడు."

బాపు వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు.

"నేను గూడ సోంచాయించిన. నువ్వు సూపెట్టిన తెల్లారే గా పువ్వు ఊడదీసి మల్ల నేసిన. దేవుడుంటే గీ లోకాన్ని గిన్ని తప్పులతోని గట్లనే ఇడిసిపెడ్తడా? లేడనే అనిపిస్తాంది."

నాకు నవ్వు ఆగలేదు. నెలంతా ఆలోచించి, ఒకరి వాదన ఒకరు నెత్తిన పెట్టుకుని, ఇప్పుడు చెరో పక్కకు మారిపోయారు. మళ్లీ తగువు మొదలైంది. మామ దేవుణ్ణి నిలబెడుతుంటే బాపు పడగొడుతున్నాడు. అమ్మ సంతోషంగా చాయ్ మీద చాయ్ పెట్టింది.

తెల్లారి బాపు దూలానికున్న మూట దించాడు. వీధిలో ఆ కొసన మామ, ఈ కొసన బాపు. మధ్యలో నేను గంజి పట్టిస్తున్నాను. దేవుడు లేడని బాపు ఈ కొస నుంచి ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

"ముందుగాల గట్టిగ పట్టు బావా," అన్నాడు మామ ఆ కొస నుంచి, "నువ్వు వదిలితే నేనొక్కన్ని ఏం జెయ్యాలె?"