పసుపునీళ్లు తాగిన చిత్రిక

అందుకే అంటాను, చిత్రిక పట్టేటప్పుడు అందరూ ఉలి పదునే చూస్తారు, చిత్రిక అడుగు ఎవరూ చూడరు. అడుగు బల్లకి ఆనితేనే ఉలి కోస్తుంది. పెందుర్తి వడ్రంగి అబ్బులుకి ఈ సంగతి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. తెలిసి ఏం లాభం?

డెబ్భై ఎనిమిది దసరాకి చిత్రికని పూజలో పెట్టారు. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాటిదాకా ముట్టుకోకూడదు కదా. మర్నాడు దాన్ని అలాగే సంచిలో వేసుకుని రేవు దగ్గర పడవల షెడ్డుకి పరీక్షకి వెళ్లాడు. బల్ల చదును చేసి చూపిస్తే పర్మనెంటు పని. ఖాళీ ఒక్కటే. పోటీకి వచ్చిన రెండోవాడు అబ్బులు పెళ్లాం దేముడమ్మకి అన్న, శ్రీరామ్మూర్తి.

అబ్బులు తోశాడు. పొట్టు రాలేదు. ఉలిని తట్టి కాస్త దించాడు. అయినా రాలేదు. ఇంకాస్త దించాడు. ఈసారి ఉలి దిగబడి చెక్కని పీకేసింది.

"ఏటి అబ్బులూ, బల్ల సదును సేత్తన్నావా, దుక్కి దున్నతన్నావా?" అన్నాడు మేస్త్రీ సన్యాసిరాజు.

"ఇత్తనాలు కూడా తెచ్చీసినాడేటో అడగండి," అన్నాడు శ్రీరామ్మూర్తి. షెడ్డంతా నవ్వింది.

అబ్బులు చిత్రికని తిరగేసి ఇనప స్కేలు ఆనించాడు. ఉలి దగ్గర సందులోంచి వెలుతురు కనిపించింది. అడుగు ముందూ వెనకా ఆనుతోంది, మధ్యలో పైకి లేచిపోయింది. వేళ్లకి పసుపు అంటింది. మొగుడికి పని రావాలని దేముడమ్మ పూజకి ముందు చిత్రికని పసుపునీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసింది. దాంతో చెక్క అడుగు వంగిపోయింది.

"బావా, నీకు ముందే తెలుసా?" అని శ్రీరామ్మూర్తిని అడిగాడు.

"సంచీలోంచి తీసినప్పుడే సూసినాను. సెప్తే పని నీకొస్తాది. నానేటి పిచ్చోణ్ణా?"

ఇంటికొచ్చేసరికి దేముడమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటయ్యింది?"

"నీ పసుపు బాగా పనిసేసింది. పనొచ్చింది."

ఆమె నవ్వింది. నవ్వనిచ్చి, "మీ అన్నకి," అన్నాడు.

ఆ తర్వాత అబ్బులు రేవులో బస్తాలు మోశాడు. శ్రీరామ్మూర్తి వచ్చినప్పుడల్లా "పంటెలాగుంది బావా?" అని అడిగేవాడు. అబ్బులు ఆ కోపమంతా దేముడమ్మ మీద చూపించేవాడు. ఆమె వంట గది బయట కూర్చుని ఒక్కటే మాట అనేది: "అడుగు అరగదీసుకుంటే మళ్లీ పనికొస్తాది గదా."

నాలుగేళ్లకి విన్నాడు. గరుకు కాగితం కొనుక్కొస్తానని పూర్ణా మార్కెట్టుకి బయల్దేరాడు. దారిలో రేవు దగ్గర ఎవరో బస్తాలు దించడానికి పిలిస్తే ఆగాడు. బస్తాల దొంతర మీద పడి అక్కడే పోయాడు.

అతని బట్టలు ఇంటికి తెచ్చి ఇస్తే దేముడమ్మ ముందు జేబులు వెతికింది. గరుకు కాగితం ఇంకా కొనలేదు.