కణం పేరు లేని రిపోర్టు

మా ఎదురింటి జువాలజీ మేడమ్ గారు మొన్న గురువారం పొద్దున్నే పోయారు. అమలాపురం కాలేజీలో నాకు పాఠం చెప్పినావిడ. పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "క్యాన్సరని తెలియకుండానే దాటిపోయేరండి, అదృష్టవంతులు." ఆ మాటకు తలూపుతూ నిలబడ్డ నన్ను చూసుకుంటే నాకే అసహ్యం వేసింది.

రిటైరయ్యాక ఆవిడ వరండాలో కూర్చుని జనానికి బయాప్సీ రిపోర్టులు చదివిపెట్టేవారు. డాక్టరు దగ్గర రెండు నిమిషాలు దొరకనివాళ్లు కాట్రేనికోన నుంచి కూడా కవర్లు పట్టుకుని వచ్చేవారు. ఆవిడ మందులు చెప్పేవారు కాదు, అందులో ఏం రాసి ఉందో చెప్పేవారు, అంతే. అడినో అని ఉంటే గ్రంథుల్లో పుట్టిన కణం, స్క్వామస్ అని ఉంటే పైపొరలో పుట్టినది. గ్రేడు దగ్గరకొచ్చాక భూతద్దం దించి, "కణానికి ఇంకా పుట్టింటి పోలిక పోలేదండి, కొంత నయం" అనేవారు. పోలిక పూర్తిగా చెరిగిపోయి ఉంటే అదీ దాచేవారు కాదు.

బండారులంకలో నేతపని చేసే ఒకాయన రిపోర్టులో గ్రేడు మూడు అని ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని మూడో స్టేజి అనుకుని, ఆయనకు చెప్పకుండానే వైద్యం మానిపించేశారు. మేడమ్ గారు ఆయన కొడుకులను నిలబెట్టి కడిగేశారు. గ్రేడు కణం తీరు చెబుతుందని, జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి అని. "ఆయన ఒంట్లో ముక్కండి అది. ఆయనకే చెప్పకుండా మీరు దాచుకోడమేంటి, రోత కాకపోతే" అన్నారు.

నాకూ కొంత నేర్పారు. ముక్క పరీక్ష రిపోర్టు చేతికొస్తే ముందు ఏ కణమో వెతకమనేవారు. చెడ్డ కణం లేకపోతే లేదనైనా రాస్తారట, ఊరికే వదిలెయ్యరట.

ఆవిడ కడుపులోంచి తీసిన ముక్క రిపోర్టు తెచ్చింది నేనే. గుమ్మంలోనే ఆవిడ తమ్ముడు గారు కవరు తీసేసుకుని, విప్పి చూసి, అల్సరని చెప్పమన్నారు. పెద్దవాళ్లకు ఇలాంటివి చెప్పకపోవడమే మర్యాదట. చచ్చు మర్యాద. దానికి నేనూ ఒప్పుకున్నాను.

లోపల మేడమ్ గారు భూతద్దం తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఏ కణమని రాసేరమ్మా?"

"అల్సరేనండి. కణాల సంగతేమీ రాయలేదు."

ఆవిడ భూతద్దం పక్కన పెట్టేశారు. నాతో ఎప్పుడూ "ఊఁ" అనే మనిషి, పరాయివాళ్లతో అన్నట్టు "ఆయ్" అన్నారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. పోయేదాకా మూడు నెలలు, నేనిచ్చిన అల్సరు మాత్రలు రోజూ నా ఎదురుగానే నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు నా చేతికిచ్చేవారు.