మాదే బాబాయ్

లోకంలో ఏ పాట చెవిన పడినా "ఇది మాదే!" అనకపోతే బాబాయ్‌కి ఊపిరాడదు. అందుకే ఇంటాబయటా ఆయనకు 'మాదే బాబాయ్' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఒకప్పుడు ఆయన ఫంక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాడు. కూర్చున్నవాడి కాళ్లను కూడా ఆడించే ఆ సంగీతాన్ని ఆ ఊరికి మొదట రుచి చూపించింది వాళ్లే. బ్యాండ్ ఎప్పుడో చెదిరిపోయింది. బాబాయ్ హక్కులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఓసారి క్షవరం షాపులో రేడియో వింటూ సగం గడ్డంతో లేచి నిలబడ్డాడు.

"ఆ ధమ్... ధధమ్ విన్నావా? మాదే!"

"మీదేనండీ బాబూ, కూర్చోండి. ఆ చెవి కూడా మీదే, తెగుద్ది!"

పళ్ల డాక్టరు నోటినిండా దూది కుక్కినా "ఇఇ ఆఏ" అన్నాడు. పిన్ని ఓపిక పట్టీ పట్టీ చివరికి, "లిఫ్టులో మోగేది కూడా మీదేనా?" అంది.

"లిఫ్టు కాదే, పాట."

ఆయన దగ్గరే బేస్ నేర్చుకున్న అన్నగారమ్మాయి తొలిపాట కట్టింది. రికార్డింగ్ కంపెనీకి నచ్చితే ఆల్బమ్, లేదంటే మళ్లీ మందుల షాపు కౌంటరే గతి. తోడు వచ్చిన బాబాయ్‌ని గుమ్మంలోనే బతిమాలుకుంది.

"నీకు దణ్ణం పెడతాను, లోపల నోరు విప్పకు."

పెద్ద స్పీకర్లలో పాట మొదలయ్యాక గానీ ఆమె గుర్తుపట్టలేదు. ధమ్... ధధమ్. చిన్నప్పటినుంచీ భోజనాల బల్లమీద బాబాయ్ వేళ్లతో కొట్టిన దరువది. సొంతమనుకుని కట్టింది, తీరా అది నిజంగానే వాళ్లది!

కంపెనీ పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. "ఎక్కడో విన్నట్టుందే. ఇది మీ పాత బ్యాండ్‌ది కాదూ?"

ఇన్నేళ్లలో బాబాయ్‌ని ఆ మాట నిజంగా అడిగిన మొదటి మనిషి అతనే. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

"మాదా? ఛ! మాదైతే నేను ఊరుకునే మనిషినా? ఊళ్లో ఎవర్నైనా అడగండి" అన్నాడు బాబాయ్.

ఊళ్లో ఎవర్నీ అడగక్కర్లేదు. ఆయన సంగతి పెద్దాయనకూ తెలుసు. మాదే బాబాయే కాదన్నాక ఇక అనుమానమెందుకని పాట ఖాయం చేసేశాడు.

మెట్లు దిగుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. "బాబాయ్, అది మీదే."

"నాకు తెలీదుటే? మా డ్రమ్మర్ ఇంటికింద బట్టలుతికే షాపుండేది. అందులో ఓ మెషీన్ కుంటుకుంటూ తిరిగేది. ఆ దరువు దాన్నుంచే కొట్టేశాం. మేం దాన్ని అడిగామా ఏంటి, నువ్వు మమ్మల్ని అడగడానికి?"

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

వీధిలో లారీ ఒకటి కీకీమంటూ వెనక్కి వస్తోంది. బాబాయ్ ఆగి చెవి రిక్కించాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"మీదే బాబాయ్, ముమ్మాటికీ మీదే!"