నలభై రోజుల బదలు

మా ఊరు రుద్రూర్ పక్కన, చెరుకు నేల. అక్కను ఇచ్చింది కమ్మర్‌పల్లి వైపు, పసుపు నేల. మధ్యలో రెండు బస్సులు, ఒక షేర్ ఆటో. ఆ ఆటోలో పన్నెండు మంది ఎక్కేవారు. పదమూడోవాణ్ణి నేనే కాబట్టి, నా ఎడమ కాలు ఎప్పుడూ బయటే ప్రయాణం చేసేది.

చక్కెర ఫ్యాక్టరీకి తాళం పడ్డ ఏడాది మా చెరుకు కొనే దిక్కులేక నిలువునా ఎండింది. గాలి వీస్తే పొలంలో ఎముకలు కొట్టుకుంటున్నట్టు చప్పుడు. అప్పుడు బావ ఫోన్ చేశాడు.

"పసుపు ఉడకబెట్టేతందుకు మనుషుల్లేరు. అందరు బదలు రాండ్రి."

బదలు అంటే పనికి పని. ఇవాళ నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు. కూలి ఉండదు, తిండి మాత్రం ఎవరి చేనైతే వాళ్లదే. పక్కపక్క చేలవాళ్ల మధ్య నడిచే ఆచారాన్ని బావ రెండు బస్సుల దూరం సాగదీశాడు. ఆయనకు మనుషులు దొరక్కపోవడమేమిటి! మమ్మల్ని తిండికి పిలుస్తున్నట్టు కనబడకూడదని ఆ మాట అన్నాడంతే.

వెళ్లాం. నేను తిన్న జొన్నరొట్టెలు పేరిస్తే ఇందూరు ఖిల్లా గుట్ట కన్నా జానెడు ఎత్తే ఉండేవి. ఆ పసుపు ఆవిరి ఒంటికి పట్టి తిరిగొస్తుంటే, బస్సులో ముగ్గురు నన్ను పెళ్లెప్పుడని అడిగారు. నాకప్పటికే ఇద్దరు పిల్లలు.

మొన్నటి వానాకాలం ఆకాశం అటు తిరగబడింది. బావ చేలో నీళ్లు నిలిచి పసుపు దుంపంతా కుళ్లింది. మా వైపు మాత్రం వరి విరగబడి పండింది. అక్క మా అమ్మకు, అంటే అవ్వకు, ఫోన్ చేసింది.

"ఇంట్ల గింజలు అయిపోవచ్చినయే అవ్వా. పోదాం పా అంటే నీ అల్లుడు కదుల్తలేడు. అత్తగారింట్ల కూసోని తింటనా అంటుండు."

"ఫోన్ ఆయనకియ్యి," అంది అవ్వ. "ఏమయ్యా అల్లుడా, మా బదలు ఎప్పుడు తీరుస్తవ్? యాసంగి నాట్లు మీద పడ్డయి. పిల్లలను తోలుకొని రా."

మూడోనాడు అందరూ దిగారు. బావ కాళ్లు కడుక్కోకముందే చెప్పేశాడు. "మీరు తొమ్మిది దినాలు చేసిండ్రు. నేను గూడ తొమ్మిదే చేస్త. పదోనాడు పోతం."

పదోనాడు పోతే అక్క పొయ్యి మీద ఏం పెడుతుంది? అవ్వ నా వైపు తిరిగింది. "ఎన్ని దినాలు చేసినం రా?"

ఒకటికి పది చెబుతానని పుట్టినప్పటి నుంచి నన్ను తిట్టిన మనిషి. ఇవాళ ఆ కళ్లే పది చెప్పమంటున్నాయి.

"నలభై," అన్నాను.

"నలభయ్యా!" బావ అరిచాడు. "అండ్ల ముప్పై దినాలు నువ్వు మంచం మీదనే ఉన్నవ్ గద బామ్మర్ది!"

"కాపలా ఉన్న బావా. మీ ఊర్ల పసుపుకన్న మంచాలే ఎక్కువ పోతయి."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ నన్ను చూశాడు, అవ్వను చూశాడు. తాను ఒకప్పుడు ఫోన్‌లో ఆడిన అబద్ధం తిరిగి తన ఇంటికే వచ్చిందని తెలిసినట్టుంది. కండువా దులిపి కొక్కేనికి తగిలించాడు.

"సరె తీయ్. నలభయ్యే."

నాట్లు వేశాడు, కలుపు తీశాడు. మా గట్లను ఎంత నున్నగా చెక్కాడంటే వాటి మీద చీమలు జారిపడేవి. వెళ్లేనాడు అవ్వ నాలుగు బియ్యం బస్తాలు ఆటోకెత్తించింది.

"గిదేంది అత్తా?"

"రెండు దినాలు ఎక్కువ జేసినవ్. గందుకు."

"అంటె ఇగ బాకీ మీది," అన్నాడు బావ, గట్టిగా. ఆటో కదిలాక తల బయటపెట్టి నన్ను కేకేశాడు. "బామ్మర్దీ! మీ దిక్కు ఎండితె మల్ల రావాలె. వచ్చేటప్పుడు మంచం తెచ్చుకో. మాది ఎప్పుడో ఇరగ్గొట్టి వచ్చినవ్!"