తెగని పచ్చచుక్కలు

నాకు ముక్కు మీదే కోపం. సిరిసిల్లలో మా అమ్మ బీడీలు చుట్టుకుంటూ అనేది, "నీ నోటికి భయపడి దయ్యాలు గూడ మన గల్లీకి రావే" అని. ఆ నోటితోనే ఇప్పుడు కోరుట్లలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఇల్లు జగిత్యాలలో. పొద్దున ఓ బస్సు, సాయంత్రం ఓ బస్సు. ఆ బస్సులో కూర్చుని ఫోన్‌లో పచ్చచుక్కలు లెక్కపెట్టుకోవడం ఆ ఏడాది నాకో జబ్బయిపోయింది.

పిల్లల చదువుకోసం వచ్చిన యాప్ అది. రోజుకో చిన్న పరీక్ష పెడుతుంది. రాస్తే పిల్ల పేరు పక్కన పచ్చచుక్క పడుతుంది, రాయకపోతే ఎర్రచుక్క. ఏ పాఠంలో ఎవరు గట్టివాళ్లో, ఎవరు వెనకబడ్డారో కూడా అదే చెప్పేస్తుంది. కాకపోతే మా పిల్లలకు సొంత ఫోన్లెక్కడివి? ఇంటికొక్కటి, అదీ అమ్మ దగ్గరే ఉంటుంది. అందుకని తల్లులందరినీ బడికి పిలిపించాను.

"రోజుకు అర్ధగంట ఫోన్ పిల్లలకియ్యాలె. ఒక్క రోజు గూడ తెగొద్దు. ఎర్రచుక్క పడ్డదా, నేనే మీ ఇంటికొచ్చి కూసుంట. ఇగ మీ ఇష్టం!"

తల్లులు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కొందరి మొహంలో భయం కూడా కనిపించింది. భయపడితే మంచిదే అనుకున్నాను, తెలివితక్కువదాన్ని.

నా క్లాసులో రెండో బెంచీలో ఒక పిల్ల కూర్చునేది. తండ్రి మస్కట్‌లో, తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. పిల్ల తెలుగులో, సైన్సులో చురుకే, లెక్కలంటే మాత్రం బెదురు. "పాసైతె పాలిటెక్నిక్‌ల సీటుకు రాస్త మేడం. లెక్కల్ల తప్పిననుకో, అమ్మ పక్కపొంటి నాకో చాట పెడ్తరు" అని ఓసారి నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకంటే నా పదో తరగతిలో నేనూ అచ్చంగా అలాగే నవ్వాను.

జనవరి నుంచి ఆ పిల్ల పేరు పక్కన వరసగా పచ్చచుక్కలే. మొదట మార్కులు తక్కువ. తర్వాత పెరిగాయి. వర్గ సమీకరణాల్లో గట్టి, త్రికోణమితిలో గట్టి! బస్సులో పక్కనున్నామెకు చూపించి మరీ మురిసిపోయాను. సాయంత్రం బడి అయ్యాక వెనకబడ్డ పిల్లలకు విడిగా క్లాసు పెట్టేదాన్ని, అందులోంచి ఈ పిల్లను తీసేశాను.

"నీకెందుకే ఇది? ఇంటికి పో. యాప్‌ల నువ్వే ఫస్టు" అన్నాను.

"సరే మేడం" అని తలవంచుకుని వెళ్లిపోయింది. దాదాపు పరుగెత్తింది. అణకువ అనుకున్నాను. మిగతా పిల్లలతో "సూసి నేర్చుకోండ్రి" అని కూడా అన్నాను.

పబ్లిక్ పరీక్షల ముందు బడిలో పెట్టే చివరి పరీక్షలో ఆ పిల్లకు లెక్కల్లో ఎనభైకి పదకొండు వచ్చాయి.

పేపరు పట్టుకుని క్లాసులోనే అరిచాను. "ఏమైందే నీకు? ఫస్టు ఫస్టు అంటె నెత్తికెక్కిందా?" పిల్ల లేచి వచ్చింది. పేపరు అందుకోవడానికి చెయ్యి చాపింది. చూపుడువేలి కొస మీద సన్నగా కోతలు, గోళ్ల సందుల్లో నలుపు. దగ్గరగా వస్తే తంబాకు వాసన. ఆ వాసన నాకు తెలియకపోవడమేమిటి, దాంట్లోనే పుట్టి పెరిగాను. పేపరు ఇచ్చేసి కూర్చోమన్నాను.

ఆదివారం పొద్దున్నే కోరుట్ల బస్సెక్కాను. పబ్లిక్ పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. దారంతా ఆ పద్దెనిమిదినే లెక్కపెట్టాను.

ఇంటి ముందు రేకుల నీడలో పిల్ల ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన తల్లి కూర్చునుంది, కుడి మణికట్టుకు సిమెంటు కట్టు. ఎదురుగా తంబాకు డబ్బాకు ఆనించిన ఫోన్. తల్లి ఎడమచేతి బొటనవేలితో దాన్ని నొక్కుతోంది. తెర మీద నా యాప్!

నన్ను చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. చాటలోని ఆకులన్నీ కిందపడ్డాయి.

"ఏం జేస్తున్నవమ్మా?" అన్నాను.

"జనవరిల నీళ్లకాడ జారి వడ్డ మేడం. చెయ్యి ఇరిగింది. ఇరవయ్యేండ్ల సంది ఉన్న కార్ఖాన బీడీ కార్డు. రోజు బీడీలు అప్పజెప్పక హాజరు తెగితె కార్డు తీసేస్తరు, మల్ల రాదు. గందుకే నా కార్డు మీద పిల్ల సుడుతాంది."

"మరి ఫోన్?"

"మరి దాని కార్డు గూడ తెగొద్దు గదా మేడం! మీరే అంటిరి, ఒక్క రోజు తెగినా ఇంటికొస్తనని. మా బీడీల పనిల గట్లనే జేస్తం. ఒకలకు పానం బాగలేకపోతె ఇంకొకలు సుట్టి వాళ్ల కార్డు మీద పెడ్తం. అది నాకోసం సుడుతాంది, నేను దానికోసం నొక్కుతున్న."

"అయ్యో! అది కార్డు కాదమ్మా, చదువు!" అని అరిచాను. అరిచి, నాలుక కరుచుకున్నాను. తప్పెవరిది? హాజరు తెగొద్దు అన్న మాట ఆ గల్లీలో ఎట్లా వినపడుతుందో ఇంకొకరికి తెలియకపోతే పోనీ. మా అమ్మకు టైఫాయిడ్ వచ్చిన నెల పక్కింటి చిన్నమ్మ మా కార్డు మీద చుట్టి పెట్టింది. అది తిని పెరిగిన నాకు తెలియదా?

పిల్ల ఏడుస్తోంది. "చెప్తె మీరు తిడ్తరని..." అంది. నిజమే, తిట్టేదాన్ని.

అప్పుడొక అనుమానం వచ్చింది. "త్రికోణమితిల పదికి తొమ్మిది ఎట్ల కొట్టినవమ్మా? గుడ్డిగ నొక్కితె రావు గదా."

తల్లి సిగ్గుపడింది. "మొదాలు గుడ్డిగనే నొక్కిన. అన్ని తప్పులే వస్తుంటె మనసున పట్టలే. అండ్లనే వీడియోలుంటయి గదా, సూసిన. నేను గూడ పదోది దాక సదివిన మేడం. లెక్కల్లనే తప్పిన. గా ఏడాదే కార్డు తీసుకున్న."

పద్దెనిమిది రోజులు. పిల్ల చేతులు ఖాళీ అయితే కార్డు పోతుంది, చేతులు ఖాళీ కాకపోతే పరీక్ష పోతుంది. లెక్కలు నోటితో రావు, కాగితం మీద చేతితో చేస్తేనే వస్తాయి. ఇరుగుపొరుగును అడుగుదామంటే పెళ్లిళ్ల కాలం, ఊళ్లు తిరిగి వచ్చేసరికి ఎవరి చాట వాళ్లకే బరువు. ఏం చెయ్యాలో తోచక కింద పడ్డ ఆకులు ఏరుతూ కూర్చున్నాను. ఏరుతూ ఏరుతూ ఒక ఆకు చేతిలోకి తీసుకుని, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేశాను. చివరిసారి చుట్టి ఇరవై ఏళ్లయింది. బడిలో ఎవరికీ చెప్పలేదు నాకీ పని వచ్చని. సిగ్గు.

తల్లి నోరు తెరుచుకుని చూసింది. "ఓ మేడం! మీకు బీడీలత్తయా?"

"సిరిసిల్లల పుట్టినదాన్ని, నాకు బీడీలు రావా? చాట ఇటియ్యి. నువ్వు పుస్తకం తియ్యవే!" అని పిల్లను కసిరాను.

ఆ రోజు నుంచి సాయంత్రం క్లాసు అయ్యాక రోజూ అక్కడికే. నేను చుట్టేదాన్ని. పిల్ల నా ముందు లెక్కలు చేసేది. తల్లి ఫోన్‌లో లెక్క చదివి వినిపించి, పిల్ల తప్పు చేస్తే నాకంటే ముందు "అట్లగాదే, మైనస్ యాడికి పోయింది?" అనేది. నా బీడీల్లో సగం కార్ఖానాలో తీసి పక్కన పడేశారట. "మేడం, మీరు మాత్రం ఫెయిలు" అని తల్లి నవ్వింది. నవ్వాను గానీ, జగిత్యాల బస్సులో కూర్చుంటే మళ్లీ అదే భయం. ఆ సాయంత్రం క్లాసులోంచి నేనే కదా తీసేసింది! ఈ పిల్ల తప్పితే ఆ చాట ఒళ్లో పెట్టింది నేనే అవుతాను.

లెక్కల పరీక్ష రాసి బయటికొచ్చి, "రాసిన మేడం, ఏమో" అంది పిల్ల. ఆ 'ఏమో' నన్ను ఫలితాలు వచ్చేదాకా తిననివ్వలేదు.

ఫలితాల రోజు బడికి వెళ్తూ బస్సులో ఉన్నాను. సిగ్నల్ వచ్చి పోతోంది. పిల్లల నంబర్లు కొడితే చక్రం తిరుగుతోందే తప్ప ఏమీ తెరుచుకోవడం లేదు. ఇంతలో ఆ తల్లి ఫోన్.

"మేడం, లెక్కల్ల ఫెయిలైనోళ్లు మల్ల రాసుకోవచ్చునా?"

కళ్లముందు చాట, ఆకులు, ఆ నవ్వు. "రాసుకోవచ్చమ్మా. నేనున్న గదా, మల్ల రాయిద్దాం. పిల్లను ఏమనకు, తప్పు నాదే. ఒక్క మాట గూడ అనకు" అని గబగబా ఏదేదో అన్నాను. కండక్టరు నావైపు చూస్తున్నాడు.

"పిల్లనెందుకంట మేడం? అది పాసైంది. మొదాలు దాన్నే మీకు ఫోన్ చెయ్యమన్న, సంబురంల ఏడ్చుకుంట కూసుంది."

"మరి ఎవరు రాసేది?"

అటువైపు ఆకులు సర్దుతున్న చప్పుడు.

"నేను. నా చెయ్యి మంచిగైంది గదా."

కొంగుతో మొహం తుడుచుకుని, "రాసుకోవచ్చు. కాని ఈసారి నీ కార్డు మీద నువ్వే రాయాలె" అన్నాను.