ఖలీల్ భాయ్ చెప్పిన సాక్ష్యం

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే నేను లేచి బర్రెలకు గడ్డి వేయడానికి పోతాను. అలాంటిదాన్ని ఇది రాయాల్సి వచ్చినందుకు నాకే చిరాకుగా ఉంది. అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, మనవరాలి దగ్గర. తప్పులుంటే ఉండనీ, జరిగింది జరిగినట్టే రాస్తాను.

మాది పాతబస్తీలో హుస్సేనీ ఆలం. ఇంటి వెనక రెండు బర్రెలు. పొద్దున్నే పితికి, చాయ్ హోటల్ నడిపే ఖలీల్ భాయ్‌కి పాలు పోసి రావడం నా భర్త మల్లయ్య పని. ఇది జరిగిన రోజుకు ముందు రాత్రి నేను గుడిమల్కాపూర్‌లో మా చెల్లె ఇంట్లో పడుకుని, పొద్దెక్కాక వచ్చాను. ఆయన పెరట్లో పడి ఉన్నాడు. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి లేవదు. మాట రాదు.

నా కేక విని మా మరిది నర్సింగ్ వచ్చాడు. వచ్చినవాడు ఆటో పిలవాలా వద్దా?

"వదినా, ఇది పచ్చవాతం. పావురం నెత్తురు వేడివేడిగ రుద్దితే దిగుతది. నేను తెస్త."

"నీ పావురం పాడుగాను! ముందు మనిషిని లేపు."

వింటే కదా. పావురాలమ్మే దుకాణానికి ఉరికాడు. గల్లీవాళ్లే ఆటోలో ఎక్కించారు.

ఆసుపత్రిలో తల స్కానింగ్ తీశారు. మెదడుకు పోయే పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని డాక్టరమ్మ చెప్పింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉందట. నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలట. ఆలస్యమయ్యాక ఇస్తే తలలో రక్తం కారి ప్రాణం మీదికి రావచ్చట.

"ఆయన బాగున్నప్పుడు చివరగా చూసింది ఎవరమ్మా? ఎప్పుడు?"

నేను చూసింది ముందు రోజు సాయంత్రం. ఇంటి దగ్గరే బర్రెల పొదుగు తడిమి ఉంటే పొద్దున పితికాడో లేదో తెలిసేది, ఆ హడావిడిలో తోచలేదు. మరిదికి ఫోన్ చేస్తే పావురం బేరంలో ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మందు ఉంది, మనిషి ఉన్నాడు, టైం చెప్పేవాడు లేడు.

అప్పుడు నా వెనక నుంచి ఖలీల్ భాయ్ ముందుకొచ్చాడు.

"డాక్టర్ సాబ్, పొద్దుగాల ఏడింటికి నాకు పాలు పోసిండు. మంచిగున్నడు. నీళ్లు కలిపినవంటే నన్నే తిట్టిండు."

డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. అదే మాట చెప్పాడు. అప్పటికి పది గంటలు, ఇంకా టైం ఉంది. ఇంజెక్షన్ ఇచ్చారు. దానితో నాళం తెరుచుకోకపోతే తీగ పంపి గడ్డను లాగుతామన్నారు. ఆ అవసరం రాలేదు. మధ్యాహ్నానికి ఆయన వేళ్లు కదిలాయి. దండం పెడదామని చూస్తే ఖలీల్ భాయ్ లేడు.

ఇంటికి వచ్చాక హోటల్‌కు పోయి దండం పెట్టాను. ఖలీల్ భాయ్ తెల్లబోయాడు.

"ఏంది భాభీ? నేనా? బిడ్డకు బాగలేదంటే ముందు రాత్రే బీదర్ పోయిన. హోటల్ తాళం చెవి గుడ నా జేబులనే ఉండె."

"పరాచికాలొద్దు భాయ్. డాక్టరమ్మ ముంగట నిలబడి చెప్పలే?"

"ఖుదా కసమ్, నేను రాలే."

ఆయన బిడ్డకు ఫోన్ చేశాను. ఆ పొద్దంతా నాన్న నా మంచం పక్కనే ఉన్నాడంది. గల్లీలో అడిగితే హోటల్ మూసే ఉందన్నారు. డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "తెల్ల గడ్డం పెద్దాయన చెప్పాడు కదమ్మా, ఆయన మాట మీదే ఇచ్చాం," అంది.

నా భర్తకు మాట మెల్లగా తిరిగొచ్చింది. అడిగాను.

"పోసిన. ఖలీలే సగం షట్టర్ లేపి గిన్నె పట్టిండు. నీళ్ల పాలని లొల్లి జేసిండు."

ఇప్పుడు ఇద్దరూ రోజూ అదే హోటల్ ముందు కూర్చుని, ఒక చాయ్ సగం సగం తాగుతూ దీని మీదే కొట్లాడతారు. ఈయన పోశానంటాడు. ఆయన తీసుకోలేదంటాడు. ఒకరు అబద్ధమాడినట్టు తేలితే నా మనసు కుదుటపడేది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఇద్దరికీ అబద్ధమాడటం రాదు.

ఆ పూట నా పక్కన నిలబడి చెప్పింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నా మనిషిని బతికించిన వాడికి దండం పెడదామంటే, నేను కాదు పొమ్మంటాడు.